క్వారీ కాలనీ సున్నా

క్వారీ కాలనీకి కరెంటు లేదు. ఈ సంగతి కాలనీవాళ్లకి తెలుసు. కరెంటాఫీసు వాళ్లకి తెలుసు. ఎలక్షన్లప్పుడు అన్ని పార్టీలవాళ్లకీ తెలుసు. వేములగుంట మున్సిపాలిటీకి మాత్రం ఒక సోమవారం నాడు తెలిసింది. కాలనీకి అసలు కష్టాలు ఆ సోమవారం నుంచే మొదలయ్యాయి. అంతకుముందు ఉన్నవి ఉత్త ఇబ్బందులు.

ఆ సోమవారం అర్జీ పట్టుకుని వెళ్లినవాడు సామేలు. ఒకప్పుడు క్వారీలో రాయి కొట్టేవాడు. క్వారీలో రాయి అయిపోయింది, సామేలు మిగిలాడు. ఇప్పుడు పెళ్లాం రూతమ్మ వేసే ఇడ్లీల బండిని తోసుకెళ్లి రైలుగేటు దగ్గర నిలబెట్టి, ప్లేట్లు కడిగి, చట్నీ వడ్డిస్తాడు. రూతమ్మ ఇడ్లీకి అక్కడ పేరుంది. గేటు పడితే లారీవాళ్లు రైలుని తిట్టరు, దిగి ఓ ప్లేటు తింటారు.

చిక్కల్లా పిండి దగ్గర. రోజూ మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా రుబ్బురోలు ముందు కూర్చుని మినప్పప్పు రుబ్బీ రుబ్బీ రూతమ్మ కుడి భుజం అరిగిపోయింది. చెయ్యి చెవిదాకా లేవదు. జడేసుకోవాలంటే పక్కింటామె రావాలి. పెద్దాసుపత్రి డాక్టరు ఎక్స్‌రే కాయితం వెలుగుకి పెట్టి చూసి, "ఇంకో ఏడాది ఇలాగే రుబ్బితే ఈ చెయ్యి గాజులు వేసుకోవడానికి తప్ప పనికిరాదమ్మా" అన్నాడు.

మూతబడిన హోటలొకటి సామాను అమ్మేస్తుంటే సామేలు ఓ గ్రైండరు కొనుక్కొచ్చాడు. కొన్న రోజునుంచీ అది అలిగిన అల్లుడిలా దుప్పటి కప్పుకుని ఇంట్లో ఓ మూల కూర్చుంది. దాని అలక తీరాలంటే కరెంటు కావాలి. కరెంటు రావాలంటే మీటరు కావాలి. మీటరు ఇవ్వాలంటే మాకేమీ అభ్యంతరం లేదని మున్సిపాలిటీ కాయితం రాసివ్వాలి. మున్సిపాలిటీకి అభ్యంతరం ఉందో లేదో ఆలోచించుకోవడానికి ఏళ్లు పడుతున్నాయి.

సామేలు లోపలికి వెళ్లేసరికి కమిషనరుగారి గదిలో దిగులు కమ్ముకుని ఉంది. ప్రతి పట్టణమూ కర్బనం పదోవంతు తగ్గించి తీరాలనీ, అందుకు ప్రజల్ని చైతన్యపరిచే ప్రణాళిక పంపాలనీ, తగ్గించిన ఊరికి 'హరిత కిరీటం' పెడతామనీ పైనుంచి ఉత్తర్వు వచ్చింది. కమిషనరుగారు తన గదిలో ఏసీ ఆపి ఊరికి ఆదర్శంగా నిలుద్దామనుకున్నారు. కాసేపు నిలిచారు కూడా. తర్వాత చెమటలు పట్టి మళ్లీ వేయించారు. ఆయన పక్కన కూర్చున్నవాడు త్రివిక్రమరావు. ఈ పనికోసమే కొత్తగా వేసిన హరిత సమన్వయకర్త. మనిషి సన్నగా ఉంటాడు, మాట మాత్రం లావు.

"ఏం కావాలయ్యా?" అన్నారు కమిషనరుగారు.

"కరెంటు మీటరుకి తమరి కాయితం కావాలండయ్యా. క్వారీ కాలనీ మాది."

"ఇప్పుడు కరెంటు లేదా?" అని త్రివిక్రమరావు అందుకున్నాడు.

"లేదండి."

"ఎంత లేదు?"

సామేలు బుర్ర గోక్కున్నాడు. లేనిదాన్ని ఎట్లా కొలవాలో అతనికి ఎవరూ చెప్పలేదు. "అసలే లేదండి."

"నీ ఒక్కడికేనా?"

"కాలనీ మొత్తానికండయ్యా. అరవై గడప."

త్రివిక్రమరావు లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. "సార్! మనం కర్బనం ఎలా తగ్గించాలా అని తల పట్టుకుంటున్నాం. తగ్గించేసినవాళ్లు మన గుమ్మంలో నిలబడి ఉన్నారు సార్!"

కమిషనరుగారు సామేలుని కొత్తగా చూశారు. అర్జీ ఇచ్చినవాణ్ని ఆ గదిలో కుర్చీలో కూర్చోబెట్టడం అదే మొదలు. టీ కూడా తెప్పించారు. టీ తాగుతుంటే సామేలుకి భయం వేసింది. ఆఫీసులో తిడితే పని కాలేదని అర్థం. మర్యాద చేస్తే ఏమని అర్థమో అతనికి తెలియదు.

మర్నాడు కమిషనరుగారినీ, త్రివిక్రమరావునీ, ఓ ఫోటోగ్రాఫరునీ ఎక్కించుకుని కాలనీలోకి మూడు కార్లొచ్చాయి. ఇంజన్లు ఆపితే లోపలి చల్లదనం పోతుందని డ్రైవర్లు ఆపకుండా అలాగే ఉంచారు. కాలనీ అంతా చుట్టూ చేరింది. త్రివిక్రమరావు చేతిలో పలకలాంటి కంప్యూటరు పట్టుకుని సర్వే మొదలుపెట్టాడు. జవాబులు చెప్పడానికి కోటేశు బాబాయి ముందుకొచ్చాడు. కాలనీలో అందరికంటే పెద్దవాడు, నాలుగు మేకల ఆసామి.

"ఫ్యాన్లెన్ని?"

"లేవండి."

"శభాష్. ఫ్రిజ్జు?"

"వండింది మిగిలితే గదండీ ఫ్రిజ్జు."

"ఆహార వ్యర్థాలు సున్నా" అని నొక్కుకున్నాడు త్రివిక్రమరావు. "స్నానం రోజుకెన్నిసార్లు?"

"ట్యాంకరొచ్చిన రోజండి."

"ట్యాంకరెప్పుడొస్తుంది?"

"అది తమరే చెప్పాలండి."

"జల సంరక్షణ అత్యుత్తమం. మరుగుదొడ్డి?"

కోటేశు బాబాయి క్వారీ గుంట అవతల తుప్పల వైపు చెయ్యి చూపించాడు. త్రివిక్రమరావు అటు చూసి, "పోషకాలు నేరుగా నేలకి" అని నొక్కుకున్నాడు.

సామేలు ఇంట్లోకి వచ్చి దుప్పటి ఎత్తి చూశారు. "ఇదేమిటి?"

"గ్రైండరండి. దీనికోసమే నిన్న అర్జీ..."

"వాడుతున్నారా?"

"కరెంటు లేదు గదండీ."

"ఉండీ వాడని యంత్రం!" అన్నాడు త్రివిక్రమరావు. "సార్, లేనివాడు వాడకపోవడం వేరు. ఉన్నవాడు వాడకపోవడం వేరు. ఇది త్యాగం సార్."

కమిషనరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఎంత నిగ్రహం!"

"నిగ్రహం గాదండయ్యా, గతిలేక" అంది రూతమ్మ రోలు దగ్గరనుంచే.

"మరి నిగ్రహం ఎక్కణ్నుంచి పుడుతుందమ్మా?" అన్నారు కమిషనరుగారు జాలిగా. ఫోటోగ్రాఫరు పొత్రం మీద ఉన్న ఆమె చేతికి ఫోటో తీశాడు. "ఇంకోసారి తిప్పమ్మా, నవ్వుతూ" అన్నాడు. ఆమె తిప్పింది. నవ్వు మాత్రం ఫోటోలో భుజం నొప్పిలా పడింది.

వారం తిరక్కుండా సభ. క్వారీ పక్కన షామియానా, కూలర్లు, వాటికో జనరేటరు. కమిషనరుగారు మైకందుకున్నారు. "కోట్లు ఖర్చుపెట్టి మహానగరాలు సాధించలేనిది ఈ కాలనీ సాధించింది. ఈ కాలనీకి మన పురపాలక సంఘం ఎన్నడూ ఏమీ ఖర్చుపెట్టలేదు. అంటే ఈ విజయం ఎవరిది? వినమ్రంగా మనవి చేస్తున్నాను, మనది!" చప్పట్లు మోగాయి. క్వారీ కాలనీ 'సుస్థిర జీవన నమూనా' అయింది. సామేలుది 'ప్రథమ కర్బనరహిత కుటుంబం' అయింది. శాలువా కప్పారు.

సభ అయ్యాక సామేలు శాలువాతోనే కమిషనరుగారి వెనక పడ్డాడు. "అయ్యా, మరి నా అర్జీ?"

కమిషనరుగారు ఆగి అతని భుజం మీద చెయ్యి వేశారు. "నీకు మీటరు ఇస్తే నిన్ను చేజేతులా చంపుకున్నట్టే సామేలూ. నిన్నటిదాకా నువ్వు మనిషివి. ఇవాళ్టినుంచి సూచికవి. సూచికకి ఎవరైనా మీటరు బిగిస్తారా?"

త్రివిక్రమరావు ఇంకాస్త విడమరిచాడు. "నమూనాకి భంగం కలిగించే కుటుంబాల ఇంటి పట్టాలు పునఃపరిశీలిస్తామని తీర్మానంలో రాశాం. నీకని కాదు. ఊరికే రాశాం."

సామేలు ఇంటికొచ్చి శాలువా రూతమ్మ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది కప్పుకుంటే పప్పు నలుగుద్దా?"

"నలగదే."

"మరెందుకయ్యా మోసుకొచ్చినావ్?"

సామేలు దాన్ని మడిచి గ్రైండరు మీద కప్పాడు. అల్లుడికి పట్టు మర్యాద జరిగింది.

నమూనా అయినచోట నిబంధనలు రాకుండా ఉండవు. ముందు నీళ్ల ట్యాంకరు ఆగింది. ట్యాంకరు డీజిలు తాగుతుంది, ఆ పొగ కాలనీ ఖాతాలో పడుతుంది. ఇకమీదట నీళ్లకి రైలుగేటు కుళాయిదాకా నడవాలన్నారు. దానికి 'నీటి నడక' అని పేరుపెట్టి, ఆరోగ్యానికి మంచిదని పక్కన రాశారు. తర్వాత మేకల మీద పడ్డారు.

"మేకలు తేన్చుతాయి. ఆ తేన్పులో వాయువుంటుంది. అది భూగోళాన్ని వేడెక్కిస్తుంది" అన్నాడు త్రివిక్రమరావు.

"అయ్యా, తేన్చేంత తిండి మా మేకలకి యాడిది?" అన్నాడు కోటేశు బాబాయి. "నేనే తేన్చి చాలా కాలమయింది."

అయినా మేకల్ని కాలనీ పొలిమేర రాయి అవతల కట్టెయ్యమన్నారు. అక్కడ తేన్చుకుంటే పక్క పంచాయతీ ఖాతాలోకి పోతుందట.

తర్వాత బస్సులు రావడం మొదలైంది. బడిపిల్లలు, మహిళా సంఘాలు, పక్క మున్సిపాలిటీల ఉద్యోగులు. కరెంటు లేకుండా జనం ఎలా బతుకుతారో కళ్లారా చూడాలని ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు. చూసి, "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో!" అని, ప్రశాంతత భరించలేక అరగంటలో బస్సెక్కేవాళ్లు. వచ్చిన ప్రతి బస్సుకీ రూతమ్మ రుబ్బి చూపించాలి. అది ప్రణాళికలో 'సంప్రదాయ హస్తసాంకేతికత ప్రదర్శన' కింద ఉంది. బేరానికి రుబ్బేది పోను బస్సులకి రుబ్బేది. నానబెట్టిన పప్పు లేదంటే, "పర్వాలేదమ్మా, ఉత్త రోలు తిప్పు" అన్నాడు త్రివిక్రమరావు. రాయి మీద రాయి తిప్పింది ఆ చెయ్యి.

ఓ పొద్దున గరిటె పట్టుకోబోతే వేళ్లు ముడుచుకోలేదు. గరిటె జారి చట్నీలో పడింది. ఆమె చేతివంక ఎవరిదో అన్నట్టు చూసుకుంది.

"నువ్వుండవే, నేను రుబ్బుతా" అన్నాడు సామేలు. రాయి కొట్టినవాడి చేతికి పప్పు కూడా రాయిలాగే లొంగింది. మర్నాడు రైలుగేటు దగ్గర ఓ లారీడ్రైవరు ఇడ్లీ కొరికి, దవడ పట్టుకుని, "ఏం సామేలన్నా, ఇడ్లీనా కంకరా? క్వారీ మళ్లీ తెరిచారా?" అన్నాడు. రెండు రోజుల్లో బండి చుట్టూ ఈగలు తప్ప ఎవరూ లేరు.

ఇక్కడ బండి మునుగుతుంటే అక్కడ మున్సిపాలిటీ ఇంకో మెట్టెక్కింది. ఊరు మొత్తం మీద పదోవంతు తగ్గించాలి కదా. ఆఫీసర్ల కాలనీ తగ్గించనంది. కౌన్సిలర్లు తగ్గించేది లేదన్నారు. కమిషనరుగారు సగం తగ్గి మళ్లీ హెచ్చారు. అప్పుడు త్రివిక్రమరావుకి దత్తత పథకం తట్టింది. ఏసీ ఉన్న ప్రతి ఇల్లూ క్వారీ కాలనీలో ఒక కుటుంబాన్ని దత్తత తీసుకోవాలి. ఆ ఇంటి చీకటిని ఈ ఇంటి ఏసీలోంచి తీసివేస్తే లెక్క సరి. ఎవరూ ఏమీ మానుకోనక్కర్లేదు. మానుకునేవాళ్లు ఇప్పటికే మానుకుని ఉన్నారు. 'ఈ ఏసీ ఫలానావారి సౌజన్యంతో నడుచుచున్నది' అని పటం కట్టి ఏసీ కింద తగిలించుకోవాలి.

సామేలు కుటుంబం ఇందుమతి మేడం వాటాకి వచ్చింది. భర్త రోడ్ల కాంట్రాక్టరు. ఆవిడ మంచి మనిషి. దత్తత తీసుకున్నవాళ్లని చూడకపోతే పాపమని మైసూర్‌పాకు పట్టుకుని కారులో వచ్చింది.

"మీ రుణం తీర్చుకోలేనిది రూతమ్మా. ఈ ఎండల్లో మేం కంటినిండా నిద్రపోతున్నామంటే మీ చలవే."

"మా చీకటి మీ ఇంటో చల్లగా ఉందామ్మా?"

"చాలా చల్లగా ఉందమ్మా!" అంది ఆవిడ మనస్ఫూర్తిగా. తర్వాత గొంతు తగ్గించింది. "ఒక్క మాట, ఏమనుకోవద్దు. మీ పొయ్యి కాస్త తగ్గించుకోకూడదూ? మీ పొగ ఎక్కువైందని మా ఏసీని ఇరవై ఏడు మీద పెట్టుకోమని ఆఫీసునుంచి ఫోను చేశారు."

"పొయ్యి తగ్గిస్తే ఇడ్లీ ఉడకదు గదమ్మా" అన్నాడు సామేలు.

"అదీ నిజమే. ఇంకో సంగతి. మా అబ్బాయి గదికి ఇంకో ఏసీ పెట్టాలి. ఒక కుటుంబానికి ఒకటే ఇస్తామంటున్నారు. మీ తమ్ముడువాళ్లు ఎవరన్నా వచ్చి మీ పక్కన ఓ గుడిసె వేసుకుంటే..."

"మా తమ్ముడు సెంటర్లో అద్దెకుంటన్నాడమ్మా. ఆడికి కరెంటుంది."

"అయ్యో పాపం!" అంది ఇందుమతి మేడం. "తీయించేసుకుని రమ్మనకూడదూ?"

ఆవిడ వెళ్లిపోయాక రూతమ్మ మైసూర్‌పాకు డబ్బా తెరిచింది. ఎడం చేత్తో ఓ ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది. "బానే ఉంది. గ్రైండరులో పట్టిన శనగపిండయి ఉంటది" అంది.

ఇంతలో కిరీటం పెట్టే కమిటీ రాజధాని నుంచి బయల్దేరుతోందని తెలిసి కమిషనరుగారు కాలనీ చూడ్డానికి వచ్చారు. అంతా తిరిగి పెదవి విరిచారు. "మన విజయం ఏదయ్యా, కనపడదే? గుడిసెలు కనపడుతున్నాయి, మేకలు అల్లంత దూరాన కనపడుతున్నాయి. సున్నా ఏది? కనపడని సున్నా ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

త్రివిక్రమరావు అర్థం చేసుకున్నాడు. మూడు రోజుల్లో లారీలో స్తంభాలు దిగాయి. వాటి వెనక తీగ చుట్టలు దిగాయి. రైలుగేటు నుంచి వరసగా స్తంభాలు పాతుకుంటూ కాలనీ వైపు వస్తుంటే జనం ఇళ్లలోంచి బయటికొచ్చి నిలబడిపోయారు. కోటేశు బాబాయి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"నేను పొయ్యేలోపల చూశాన్రా. కరెంటొచ్చింది!"

స్తంభం మీదున్న వైర్‌మన్ మీరాసాహెబు కిందికి చూశాడు. "నీకు గాదు బాబాయ్. బోర్డుకి."

బోర్డు రెండిళ్ల ఎత్తుంది. దాని మీద ఎర్ర అక్షరాలు వెలుగుతాయి. 'క్వారీ కాలనీ నేటి విద్యుత్ వినియోగము' అని పైన, దానికింద ఎద్దుబండి చక్రమంత సున్నా. పగలూ రాత్రీ వెలగాలని ఆజ్ఞ. ఆ వెలుగుకి కాలనీ కోళ్లకి ఎప్పుడు కూయాలో తెలియక ఎప్పుడూ కూసేవి. అన్ని గుడిసెల్లోనూ సున్నా వెలుగు పడేది. మనుషుల మొహాలు ఎర్రగా, కోపమొచ్చినట్టు కనపడేవి.

సామేలు మీరాసాహెబుకి ఇడ్లీ పొట్లం అందిస్తూ అడిగాడు. "అన్నా, ఈ సున్నా యాడనుంచి వత్తంది? మనం ఎంత వాడతన్నామో ఎట్టా కనిపెడతంది?"

"ఏం కనిపెట్టదు. కంపెనీలోనే సున్నా దిగ్గొట్టి పంపారు. నువ్వీడ రైసుమిల్లు పెట్టినా సున్నానే."

"మరి బోర్డు కాలే కరెంటో?"

"అది ఆఫీసు బిల్లు. కాలనీకి సంబంధం లేదు." మీరాసాహెబు బోర్డు కింద ఇనప పెట్టె తెరిచి, అందులో వరసగా ఉన్న ప్లగ్గులు చూపించాడు. "ఇయ్యి అతిథులకంట. బస్సుల్లో వచ్చినోళ్లు ఫోన్లు పెట్టుకోడానికి. అతిథులు వాడేది కాలనీ లెక్కలోకి రాదని రూలు రాశారు."

రూతమ్మ నీళ్ల బిందె దించి ఆ మాటలు విన్నది. పెట్టెవంక చూసింది. ప్లగ్గులవంక చూసింది. తర్వాత మొగుడివంక చూసింది.

"గ్రైండరు తియ్యి."

"పట్టా పోద్దే!"

"పట్టా పోతే ఇంకో గుట్ట కింద బతుకుదాం. చెయ్యి పోతే యాడ తెచ్చుకునేది? నువ్వు తెస్తావా, నీ శాలువా తెస్తదా?"

"కమిటీ వచ్చి పొయ్యిందాకా ఆగవే."

"నా చెయ్యి ఆగమంటే ఆగతదా?"

మీరాసాహెబు బీడీ ముట్టించుకుని పెట్టెకి వీపు పెట్టి కూర్చున్నాడు. "నేను ఇటు తిరిగి కూసుంటన్నా. దేవుడు నాకు కళ్లు ముందే పెట్టాడు."

పట్టపగలు నలుగురు మగాళ్లు గ్రైండరుని మోసుకొచ్చి బోర్డు నీడలో దించారు. రూతమ్మ నానిన పప్పు పోసింది. సామేలు ప్లగ్గు పెట్టాడు. గ్రైండరు ఓసారి మూలిగి, ఒళ్లు విరుచుకుని తిరగడం మొదలెట్టింది. అందరూ తలెత్తి బోర్డు చూశారు. సున్నా. కాసేపాగి మళ్లీ చూశారు. సున్నానే. రూతమ్మ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుంది. పిండి నలుగుతుంటే ఊరికే కూర్చోవడం ఆమెకి చేతకాలేదు. కాసేపటికి కళ్లు తుడుచుకుని, "పప్పు ఘాటు" అంది. పప్పుకి ఘాటేమిటని ఎవరూ అడగలేదు.

సాయంత్రానికి కోటేశు బాబాయి ఒక బల్బు వేలాడదీశాడు. ఆ పక్కన మరొకడు ఫ్యాను పెట్టాడు. వారానికి ఆ పెట్టెలోంచి కాలనీలోకి పాకిన తీగలు గుమ్మడిపాదుని మించిపోయాయి. సున్నా మాత్రం చెక్కుచెదరలేదు. రైలుగేటు దగ్గర లారీలు మళ్లీ ఆగాయి.

కమిటీ చెప్పిన రోజుకంటే ఒకరోజు ముందే వచ్చింది. తీగలు లాగెయ్యమని మీరాసాహెబు నుంచి కబురొచ్చేసరికి కార్లు పొలిమేర రాయి దాటాయి. బాబాయి బల్బు లుంగీలో దాచుకున్నాడు. కాళ్లు కాలినట్టు గెంతుతూ కనపడ్డాడు. ఫ్యాన్లు మంచాల కిందికి పోయాయి. గ్రైండరు ఒక్కటే మిగిలింది. దాన్నిండా పిండి ఉంది. తిరుగుతూనే ఉంది.

కమిటీ పెద్ద తెల్లగడ్డం పెద్దమనిషి. బోర్డు ముందు నిలబడి సున్నాని పైనుంచి కిందిదాకా చూశాడు. తర్వాత చెవి రిక్కించాడు. "ఏమిటా చప్పుడు?"

కమిషనరుగారి మొహం పాలిపోయింది. అందరూ సామేలువంక చూశారు. పట్టా, ఇల్లు, బండి అన్నీ అతని కళ్లముందు తిరిగాయి. వాటి మధ్యలో రూతమ్మ కుడి చెయ్యి కనపడింది. పిండి తీయడానికి గిన్నె ఎత్తుతోంది. చెవిదాకా కాదుగానీ, గడ్డందాకా లేచింది.

"అతిథులకి టిపినండయ్యా" అన్నాడు సామేలు. "తమరు అతిథులు. ఆడించేది తమరికండి. మాక్కాదు."

త్రివిక్రమరావుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. "మార్గదర్శకాల ప్రకారం అతిథుల వినియోగం కాలనీ ఖాతాలోకి రాదు సార్! ఆతిథ్యం అన్నది నమూనాలో ఒక అంతర్భాగం!"

కమిటీ పెద్ద గ్రైండరుని చూశాడు. బోర్డుని చూశాడు. "యంత్రం తిరుగుతున్నా సున్నా చలించలేదు. ఇటువంటి నిబద్ధత నా సర్వీసులో చూడలేదు" అన్నాడు. తర్వాత ఇడ్లీ తిన్నాడు. రెండో ప్లేటు కూడా తిన్నాడు. అల్లం చట్నీ ఇంకొంచెం వేయించుకున్నాడు. కిరీటం వేములగుంటకే అని మూడో ప్లేటు దగ్గర చెప్పాడు.

కార్లు వెళ్లాక త్రివిక్రమరావు సామేలు చొక్కా పట్టుకున్నాడు. "కొంపలు ముంచేవాడివి కదయ్యా!"

"తీసెయ్యమంటారా అయ్యా?"

త్రివిక్రమరావు చొక్కా వదిలేశాడు. "తీసేస్తే ఇన్నాళ్లూ ఉందని ఒప్పుకున్నట్టు. ఉందంటే సున్నా లేదన్నట్టు. సున్నా లేదంటే ఊళ్లో ఏసీలన్నీ..." అని ఆగిపోయాడు. ఆ ఏసీల్లో అతనిది కూడా ఒకటి. "లేనిదాన్ని ఎలా తీస్తాం సామేలూ? అలాగే ఉండనీ. రోజూ ఎవరో ఒక అతిథి వచ్చినట్టు చూసుకో."

"లారీవోళ్లు వత్తారండి."

"వాళ్లే అతిథులు."

నెల తిరిగేసరికి బోర్డు బిల్లొచ్చింది. అది చూసి కౌన్సిల్ సమావేశంలో గగ్గోలు లేచింది. ఒక్క సున్నాకి ఇంత కరెంటా అని ఒకాయన బల్ల గుద్దాడు. కమిషనరుగారు నింపాదిగా లేచారు. "గౌరవ సభ్యులు గమనించాలి. ఒకటి, రెండు, మూడు వంటి అంకెలు వాటంతటవే పెరుగుతాయి. వాటికి మన సాయం అక్కర్లేదు. సున్నా అలా కాదు. దాన్ని సున్నాగా నిలబెట్టడానికి రేయింబవళ్లు శక్తి ధారపోయాలి. ఈ బిల్లు ఖర్చు కాదు, తపస్సు." పైగా సున్నా పడిపోతే సభ్యులందరి ఏసీలూ పడిపోతాయని మెల్లగా గుర్తుచేశారు. బల్ల గుద్దినాయనే తీర్మానం బలపరిచాడు.

సామేలు తర్వాతి సోమవారం కూడా ఆఫీసుకి వెళ్లాడు, ఈసారి అర్జీతో కాదు. కమిషనరుగారికి రూతమ్మ ఇడ్లీ అలవాటైంది. క్యారియరు పట్టుకుని వరండా ఎక్కుతుంటే పుట్టలమిట్ట వాళ్లు కనపడ్డారు. వాళ్లది ఊరికి అవతల కొసన, ఏళ్లుగా చీకట్లో ఉన్న పేట. వాళ్ల పెద్ద తిరపతమ్మ చేతిలో అర్జీ కాయితం చెమటకి తడిసి ఉంది.

"ఏంది పెద్దమ్మా, కరెంటుకా?"

"కరెంటుకేనయ్యా. ఎన్నోసారో గుర్తులేదు."

సామేలు అటూ ఇటూ చూసి ఆమెని తూము దగ్గరికి పిలిచాడు. "కరెంటని అడగమాక. అడిగితే నీ జన్మకి రాదు. ఆ కాయితం చింపెయ్యి. మాకు సున్నా గావాలని అడుగు."

"సున్నానా? ఉన్నది అదేగదయ్యా మాకాడ!"

"అది కనపడే సున్నా గాదు పెద్దమ్మా. కనపడేదాన్ని అడుగు." ఆమె చెవిలో అతను ఇంకేదో చెప్పాడు. తిరపతమ్మ బోసినోరు మెల్లగా తెరుచుకుంది. కాయితం నాలుగు ముక్కలు చేసి తూములో పడేసి, కొంగు సర్దుకుని లోపలికి నడిచింది. సామేలు క్యారియరుతో ఆమె వెనకే వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"అయ్యా, మాకు కరెంటు గిరెంటు వొద్దండి" అంది తిరపతమ్మ. "క్వారీ కాలనీ మాదిరి మేం కూడా భూదేవిని కాపాడతామండి. మాక్కూడా ఓ సున్నా పెట్టియ్యండయ్యా."

కమిషనరుగారు కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. ఆయన జీవితంలో ఒక అర్జీకి కళ్లు చెమర్చడం అదే మొదలు. "చూశావా త్రివిక్రమరావూ! ప్రచారం అంటే ఇదీ. చైతన్యం అంటే ఇదీ. వెంటనే మంజూరు చెయ్యి." తర్వాత కలం తీసి ఆమె వైపు వంగారు. "ఎంత సైజు బోర్డు పెట్టించమంటావమ్మా?"

తిరపతమ్మ తలుపు దగ్గరున్న సామేలు వంక ఓసారి చూసి, చేతులు జోడించింది.

"మాది నూటయాభై గడపండయ్యా. దానికి సరిపోయే సున్నా ఇప్పించండి."